హాస్యనటుడు సకాల్ జీవితము

చలనచిత్రమును చూచి ఇంటికి వచ్చిన తరువాత మనము మొదట నాయికానాయకులను గూర్చియే ముచ్చటించుకొందుము. నాలుగు దినములు గడచిన పిమ్మట, కథ సగము మరచిపోయినను, ఏదో ఒక మూల నిలిచిన వంటవాడో, దుకాణదారుడో, పిల్ల మేనమామయో మనస్సులో మెదలుచుండును. అతని పేరు మనకు తెలియదు. ముఖము మాత్రము చుట్టము ముఖమువలె తెలియును. అమెరికా దేశపు హాలీవుడ్ పరిశ్రమ మహావైభవముతో వెలుగొందిన 1930, 1940 దశకములలో అట్టి నటులు పలువురుండిరి. వారిలో ఒకడైన ఎస్. జెడ్. సకాల్ చరిత్రమును ఇచ్చట చెప్పదలచితిని. 'కాసాబ్లాంకా' చిత్రమును చూచినవారికి ఈయనను గుర్తుచేయుట కష్టము కాదు. రిక్ నడుపు కాఫీహోటలులో కళ్ళజోడు పెట్టుకొని, బుగ్గలు వ్రేలాడుచుండగా, బల్లల నడుమ హడావిడిగా తిరుగు లావుపాటి పెద్ద వెయిటరు కార్ల్ ఈయనయే.

ఈయననే ఎన్నుకొనుటకు వేరొక కారణము కూడ కలదు. ఇరువదవ శతాబ్దిలో ఐరోపా ఖండమును కుదిపివేసిన రెండు మహాయుద్ధములు, కూలిపోయిన ఒక సామ్రాజ్యము, దాని శిథిలముల ప్రక్కనే తలయెత్తిన ఒక రాక్షసప్రభుత్వము, ఇవన్నియు ఈ మనిషి బ్రతుకుమీదుగా నడచిపోయినవి. ఆయన మాత్రము మూడు భాషలలో, నాలుగు మహానగరములలో, జనమును నవ్వించుచునే ఉండెను.

సకాల్ 1883వ సంవత్సరము ఫిబ్రవరి 2వ తేదీన బుడాపెస్టు నగరములో ఒక యూదు కుటుంబమున జన్మించెను. ఆనాడు హంగేరీ దేశము ఫ్రాన్సిస్ జోసెఫ్ చక్రవర్తి ఏలుబడిలోని ఆస్ట్రియా-హంగేరీ సామ్రాజ్యములో ఒక భాగము. ఆయన పేరు గెరో యెనో. హంగేరీవారు కూడ మనవలెనే ఇంటిపేరును ముందు చెప్పి, పెట్టిన పేరును తరువాత చెప్పుదురు. కనుక గెరో అనునది ఇంటిపేరు.

పాఠశాలలో చదువుకొను దినములలోనే ఈ బాలునకు హాస్యపు పిచ్చి పట్టుకొనెను. నగరములోని వినోదశాలలకు చిన్న చిన్న ప్రహసనములు వ్రాసి ఇచ్చుచుండెను. పదునెనిమిదేండ్ల ప్రాయమున తానే రంగస్థలమెక్కవలసి వచ్చినప్పుడు, కుఱ్ఱవాడని ఎవ్వరును లెక్కచేయరేమోయని శంకించి, పెద్దవానివలె కనబడుటకు గడ్డము పెంచెను. ఆ గడ్డము బంగారు వన్నెది. దానినిబట్టియే 'సోకె సకాల్' అను మారుపేరు పుట్టినది. హంగేరీ భాషలో సోకె అనగా పసిడి వన్నె గలది, సకాల్ అనగా గడ్డము. మన భాషలో పసిడిగడ్డమువాడు అన్నట్లు. ఆ గడ్డము ఏనాడో మంగలి కత్తికి ఆహుతియైపోయెను గాని పేరు మాత్రము ఏబదియేండ్లకు పైగా నిలిచినది. మనము తెరమీద చూచు సకాల్ ముఖమునకు వెంట్రుకయైనను లేదు. ఆ నున్నని బుగ్గలే ఆయన ఆస్తి. ఇంకొక చిత్రము చెప్పెదను. హంగేరీ లిపిలో ఎస్, జెడ్ అను రెండు అక్షరములు జంటగా నిలిచి 'స' అను ఒకే ధ్వనిని తెలుపును. అమెరికాలో ఆ జంటను విడదీసి రెండు పొడి అక్షరములుగా వాడుకొనిరి. తెలియనివారు అవి ఏవో రెండు పెద్ద పేర్లకు గుర్తులని భావింతురు.

కాబరే అనగానే మన పాఠకులు హోటళ్ళలోని నాట్యములను తలపరాదు. ఆనాటి బుడాపెస్టు కాబరే చదువుకొన్నవారి వినోదము. చిన్న హాలు, చిన్న వేదిక, ఎదుట కాఫీ బల్లలు. సభకు పరిచయము చేయు ఒక వాచాలుడు వచ్చి నాటి రాజకీయములను ఎత్తిపొడుచును. తరువాత ఒక పాట, ఆ తరువాత పావుగంట ప్రహసనము. ఇట్టి ప్రహసనములు వ్రాయుటలో సకాల్ మిక్కిలి నేర్పరి. వానిలో ఒకటి హంగేరీలో తరతరములుగా ఆడబడుచు వచ్చినది. దాని పేరును 'తీగవాద్య చతుష్టయము' అని తెలుగు చేయవచ్చును. వాద్యము పట్టుకొనుట కూడ చేతకాని మనుషులు విద్వాంసులుగా చలామణి కాబోయి, తీరా వాయించవలసిన ఘడియ వచ్చుసరికి పడు అవస్థ అందలి వస్తువు. సకాల్ హాస్యమునకు మూలసూత్రము ఇందే ఉన్నదని నా అభిప్రాయము. తనకు చేతకాని పనిలో, తనది కాని చోటులో చిక్కుకొనిన మంచివాడు ఎట్లు కంగారుపడునో ఆయన కడదాక చూపుచు వచ్చెను.

1910 దశకములో ఆయన హంగేరీ రంగస్థలముమీదను, మూకీ చిత్రములలోను పేరు గడించెను. 1918లో మొదటి మహాయుద్ధము ముగియుటతో సామ్రాజ్యము ముక్కలైనది. 1920 దశకపు తొలినాళ్ళలో సకాల్ వియన్నాకు చేరి, గాయకుడు హెర్మాన్ లియోపోల్డి తన పేరిట నడిపిన కాబరేలో నటించెను. అక్కడి భాష జర్మను. ఆయన జర్మనులో హంగేరీ యాస వినబడుచుండెను. ఆ యాసను దిద్దుకొనుటకు బదులు దానినే ఆయుధముగా చేసికొనెను. వియన్నా నుండి బెర్లిను. ఆ కాలమున బెర్లిను ఐరోపా చలనచిత్రములకు రాజధాని. టాకీలు వచ్చిన తోడనే, ముఖముకంటె మాటతో నవ్వించు ఈ నటునకు గిరాకి పెరిగినది. 1930లో గేజా ఫాన్ బొల్వారీ దర్శకత్వమున, రాబర్ట్ స్టోల్జ్ సంగీతముతో వెలువడి దేశదేశములలో ఆడిన 'మూడు తాళముల రెండు హృదయములు' అను వియన్నా సంగీతచిత్రములో ఆయన నాటకశాల యజమాని పాత్ర ధరించెను. మరుసటి యేడు జో మే దర్శకత్వమున వచ్చిన 'ప్రేమ మహారాణి' అను జర్మను చిత్రమును హాలీవుడ్‌వారు ఆ యేడే ఆంగ్లములో మరల తీసిరి. బెర్లినులో సకాల్ చేసిన వేషమును అక్కడ చేసినవాడు ఎవరనుకొన్నారు? హాస్యనటులలో ప్రసిద్ధుడైన డబ్ల్యు. సి. ఫీల్డ్స్. కావున సకాల్ అమెరికాలో అడుగిడకమునుపే ఆయన పాత్ర అక్కడికి వెళ్ళివచ్చినదనవలెను.

1933 జనవరిలో హిట్లరు జర్మనీకి ఛాన్సలరు అయ్యెను. యూదు నటులకు, దర్శకులకు, వాద్యకారులకు అక్కడి స్టూడియోల తలుపులు మూతబడినవి. సకాల్ తన భార్య బోజితో కలిసి బెర్లినును విడిచి స్వదేశమునకు మరలెను. అప్పటికి ఆయనకు ఏబదియేండ్లు. అంతటి పేరు తెచ్చుకొనిన తరువాత మరల తొలి మెట్టునకు వచ్చినట్లాయెను. బుడాపెస్టులోను, వియన్నాలోను చిత్రములు తీయుచు కొన్ని యేండ్లు నెట్టుకొనివచ్చెను. 1938 మార్చిలో జర్మనీ ఆస్ట్రియాను మ్రింగివేసినది. దానితో వియన్నా కూడ చేజారినది. ఆ సంవత్సరమే హంగేరీ ప్రభుత్వము యూదుల ఉద్యోగములకు, వృత్తులకు హద్దులు గీయు మొదటి శాసనము చేసెను. 1939లో అంతకంటె కఠినమైన రెండవది వచ్చినది. నాటకములకు, చిత్రములకు కూడ ఆ హద్దులు వర్తించినవి. తాను పుట్టిన ఊరిలో, తన మాతృభాషలో నటించుటకు లెక్కలు వేసి అనుమతులీయవలసిన రోజులు దాపురించినవి.

ఆ సమయమున హాలీవుడ్‌లోని యూనివర్సల్ సంస్థలో జో పాస్టర్నాక్ అను నిర్మాత ఉండెను. ఆయనయు ఆనాటి హంగేరీ గడ్డమీద పుట్టినవాడే. అమెరికాకు వలసపోయి, మరల ఆ సంస్థ పక్షమున ఐరోపాలో చిత్రములు తీసి, తిరిగి హాలీవుడ్ చేరి, డియానా డర్బిన్ అను బాలగాయని చిత్రములతో లాభములు పండించుచుండెను. సకాల్ అమెరికాలో నటించిన తొలి చిత్రము 'ఇట్స్ ఎ డేట్' పాస్టర్నాక్ తీసినదే. అది 1940లో విడుదలయ్యెను. అదే యేడు డర్బిన్‌తోనే వచ్చిన 'స్ప్రింగ్ పరేడ్'లో సకాల్ వియన్నాలో రొట్టెల దుకాణము నడుపు పెద్దమనిషి. ఆ కథలో ఫ్రాన్సిస్ జోసెఫ్ చక్రవర్తి కూడ ఒక పాత్రయే. తాను నిజముగా ఎవరి ఏలుబడిలో పుట్టెనో ఆ చక్రవర్తి, కాలిఫోర్నియాలోని అట్టముక్కల వియన్నాలో మరల ఎదురయ్యెనన్న మాట!

అప్పటికి సకాల్ వయస్సు 57. ఆ వయస్సున మనలో చాలమంది పెన్షను కాగితములు సరిచూచుకొందురు. ఆయన ఒక క్రొత్త భాషలో వ్యాపారమునకు దిగెను. హంగేరీ భాష ఒక కుటుంబము, జర్మను వేరొక కుటుంబము. ఇక ఆంగ్లమునకు వ్రాతకు, పలుకుబడికి పొంతన లేదు. నటుడు కానివానికి భాష తప్పిపోయినచో నలుగురు నవ్వుదురు, అంతటితో సరి. ఉద్యోగరీత్యా పరభాషా ప్రాంతములలో కాపురములు పెట్టిన మనకు, కూరగాయల బేరములో లింగము తప్పి నవ్వులపాలగుట క్రొత్త కాదు. హాస్యనటునకు ఆ చిక్కు వేరు. నవ్వు పుట్టవలసిన చోటనే పుట్టవలెను, ఒక్క క్షణము ముందు గాని వెనుక గాని పనికిరాదు. భాష రానివాడు ఆ క్షణమును ఎట్లు పట్టుకొనును? సకాల్ దానికొక ఉపాయము కనిపెట్టెను. మాట తడబడినప్పుడు చేతులు మాటలాడును. రెండు అరచేతులతో రెండు బుగ్గలను పట్టుకొనును, బుగ్గలు వణకును, కళ్ళజోడు వెనుక కన్నులు గుండ్రమగును, తల ఊగును, ఆ తరువాత విరిగిపోయిన ఆంగ్లవాక్యమొకటి బయటపడును. ప్రేక్షకుడు వాక్యమునకు ముందే నవ్వియుండును.

ఇచ్చట ఆనాటి స్టూడియోల పద్ధతిని గూర్చి కొంచెము చెప్పవలెను. పెద్ద సంస్థలు నటులను సంవత్సరముల ఒప్పందముపై జీతమునకు పెట్టుకొనెడివి. నాయకులు నలుగురైదుగురైనచో, వారి చుట్టును తిరుగు చిన్న పాత్రల నటులు పదుల కొలది. ఒక నటునకు ఒక ముద్ర పడినచో, ఆ ముద్రకు తగిన వేషము ఏ కథలో వచ్చినను అతనికే పిలుపు. అవసరములేని వారములలో వేరొక సంస్థకు అద్దెకిచ్చుటయు కలదు. దీనివలన నటునకు నిత్యము పని దొరకును. వేషము మారదు. సకాల్ కొంతకాలమునకు వార్నర్ సోదరుల సంస్థలో చేరి అట్టి పటాలములో ఒకడయ్యెను.

అంతకు ముందే 1941లో రెండు చిత్రములు ఆయనను అమెరికా ప్రేక్షకులకు పరిచయము చేసెను. 'ది డెవిల్ అండ్ మిస్ జోన్స్'లో కోటీశ్వరుని ఇంటి బట్లరు. రెండవది 'బాల్ ఆఫ్ ఫైర్', హవర్డ్ హాక్స్ దర్శకత్వము వహించినది. అందులో ఎనిమిదిమంది ఆచార్యులు ఒకే ఇంట కాపురముండి విజ్ఞానసర్వస్వము వ్రాయుచుందురు. గ్యారీ కూపర్ పాత్ర భాషాశాస్త్రవేత్త, వీధిభాషను గూర్చిన వ్యాసము కొరకు బార్బరా స్టాన్విక్ ధరించిన నర్తకిని ఇంటికి తెచ్చును. సకాల్ శరీరశాస్త్రాచార్యుడు. ఆ ఇంటిలో ముసలి పండితులందరు పడు సంబరము చూచి తీరవలసినదే. 1942లో జేమ్స్ కాగ్నీ నటించిన 'యాంకీ డూడుల్ డాండీ'లో మాటలకు లొంగి నాటకమునకు పెట్టుబడి పెట్టు ధనికుడు. ఆ చిత్రమునకు దర్శకుడు మైకేల్ కర్టిజ్, ఆయనయు బుడాపెస్టు యూదుడే. ఆ కర్టిజే మరుసటి చిత్రముగా 'కాసాబ్లాంకా'కు పూనుకొనెను.

సకాల్‌ను ఈనాటికిని జ్ఞాపకముంచిన ఈ చిత్రములో వేషము కట్టుటకు ఆయన మొదట ఒప్పుకొనలేదు. చిత్రీకరణము ప్రారంభమై మూడు వారములైన పిమ్మట నిర్మాత హాల్ వాలిస్ కార్ల్ వేషమునకు ఆయనను పిలిచెను. వేషము ఆయనకు ఏమాత్రము నచ్చలేదు. వెయిటరు పళ్ళెములు తెచ్చును, పట్టుకొనిపోవును, అంతే కదా! నాలుగు వారముల పని ఇచ్చినచో వచ్చెదననెను. సంస్థవారు తగ్గించబోయిరి. తుదకు మూడు వారములకు బేరము కుదిరినది. వారమునకు 1,750 డాలర్ల చొప్పున మొత్తము 5,250 డాలర్లు. ఎనుబదియేండ్ల తరువాత కూడ జనము చూచెడి చిత్రమునకు ఆయన ముట్టినది ఇంతే. పీటర్ లోరీ, సిడ్నీ గ్రీన్‌స్ట్రీట్ అను పేరుమోసిన నటులకంటె కూడ ఆయనయే ఎక్కువసేపు తెరమీద కనబడునని లెక్కకట్టినవారు చెప్పుదురు.

కథ తెలిసినదే. జర్మనుల చేతికి చిక్కక అమెరికాకు పారిపోగోరు శరణార్థులు మొరాకో దేశపు కాసాబ్లాంకా పట్టణములో చిక్కుకొని వీసాల కొరకు పడిగాపులు పడుచుందురు. వారందరు చేరు స్థలము రిక్ కాఫీహోటలు. హోటలు లెక్కలు చూచువాడు కార్ల్. పోలీసులు హోటలును మూయించినప్పుడు, అందరికి జీతములిచ్చుచు ఎన్నాళ్ళు తట్టుకొనగలమని యజమాని అడిగినచో వారముల లెక్క వెంటనే చెప్పును. జర్మను మేజరునకు మంచి బల్ల ఇమ్మని అధికారి ఆజ్ఞాపించినచో, ఈయకున్నను అతడు ఎట్లును దానినే ఆక్రమించునని ముందే ఇచ్చివేసితినని వినయముగా విన్నవించును. ఆ వినయములో ఎంత విషమున్నదో చెప్పుటకు సకాల్ ఏమియు చేయడు. రెప్ప కూడ కదపడు. రాత్రి కాగానే ఈ కార్లే రహస్యోద్యమపు సభకు పోవును, పోలీసులు చుట్టుముట్టగా ఆ ఉద్యమ నాయకునితో తప్పించుకొని వచ్చును. యజమానికి తన ఆంతరంగికమైన పనిని అప్పగించుటకు నమ్మదగినవాడు అతడే.

ఆ చిత్రములో ఒక చిన్న దృశ్యము కలదు. ముదుసలి దంపతులు కార్ల్‌ను తమ బల్లయొద్దకు పిలిచి బ్రాందీ పోయుదురు. మరునాడు వారికి అమెరికా ప్రయాణము. ఇకమీదట జర్మను మాటలాడమని ఒట్టుపెట్టుకొని, ఇద్దరును ఆంగ్లములో ఒకరినొకరు గంట ఎంతయైనదని అడుగుకొందురు. ఆ ఆంగ్లము పూర్తిగా జర్మను మాటలకు ఆంగ్లపు బట్టలు తొడిగినది. కార్ల్ వినును. వారికి అమెరికాలో ఏ లోటును ఉండదని దీవించును. ప్రేక్షకులు నవ్వుదురు. ఆ వృద్ధుని వేషము వేసినవాడు లూడ్విగ్ స్టోసెల్, వృద్ధురాలు ఇల్కా గ్రూనింగ్. ఇరువురును జర్మను భాషా రంగస్థలమున వెలిగి, నాజీల మూలమున దేశము విడిచినవారే. వారిని దీవించిన మూడవవాని సంగతి మనకు తెలియును. తమ బ్రతుకునే తాము నటించుచున్న ముగ్గురిని ఒక బల్లచుట్టును కూర్చుండబెట్టి ఒక హంగేరీవాడు చిత్రించిన ఈ నిమిషమునకు సాటి వచ్చు హాస్యదృశ్యమును నేను వేరొకటి ఎరుగను.

ఇట్టివారు ఆ చిత్రములో ఇంకను ఉండిరి. జూదపు బల్లయొద్ద కనబడు మార్సెల్ దాలియో ఫ్రాన్సు నుండి పారిపోయి వచ్చిన యూదు నటుడు. క్రూరుడైన జర్మను మేజరుగా నటించిన కాన్రాడ్ వైట్ నాజీలను ద్వేషించి జర్మనీని వీడినవాడు. పేర్లు వేసిన 14 మంది నటులలో అమెరికాలో పుట్టినవారు ముగ్గురే. హోటలులో జర్మనుల పాటకు పోటీగా ఫ్రెంచి జాతీయగీతము పాడు ఘట్టములో గుంపుగా నిలిచినవారిలో పెక్కుమంది నిజమైన శరణార్థులు. 1942 నవంబరు 26న న్యూయార్కులో ప్రథమ ప్రదర్శనము జరిగినది. 1944 మార్చిలో జరిగిన సభలో ఉత్తమచిత్రముగా ఆస్కారు బహుమానము వచ్చినది. కర్టిజ్ ఉత్తమ దర్శకుడయ్యెను. ఒక వింత కూడ చెప్పి ముందునకు సాగెదను. 1952లో పశ్చిమ జర్మనీలో ఈ చిత్రమును విడుదల చేసినప్పుడు నాజీల ఊసు వచ్చు భాగములను సుమారు 25 నిమిషములు కోసివేసిరి. మేజరు మాయమయ్యెను, ఉద్యమనాయకుడు అణుశాస్త్రజ్ఞుడయ్యెను. శరణార్థులు ఎవరికి వెరచి పారిపోవుచున్నారో తెలియని శరణార్థుల కథ జర్మనులకు చూపబడినది. పూర్తి చిత్రము వారికి 1975లో గాని లభింపలేదు.

సకాల్ ముగ్గురు తోబుట్టువులైన స్త్రీలు ఐరోపాలోనే ఉండిపోయిరి. ముగ్గురును నాజీల నిర్బంధశిబిరములలో హతులైరి. తోబుట్టువుల బిడ్డ యొకతె, బోజి సోదరుడు, ఆమె సోదరి కూడ అట్లే పోయిరి. 1944 మార్చిలో జర్మను సైన్యము హంగేరీని ఆక్రమించినది. ఆ మే నెల నడుమ నుండి జులై మొదటి వారము దాటువరకు, రెండు నెలలైనను నిండకమునుపే, ఆ దేశమునుండి 4 లక్షల 30 వేలకు పైగా యూదులను రైలుపెట్టెలలో క్రుక్కి పంపిరి. అందులో అత్యధికులు చేరినది ఆష్విట్జ్. ఆ 1944వ సంవత్సరమున సకాల్ వార్నరు వారి సంగీతచిత్రములలో బుగ్గలు పట్టుకొని నవ్వించుచుండెను. ఆయన ముఖముమీద ఆ దుఃఖము ఛాయయైనను తెరమీద మనకు కనబడదు. నటుడు దానిని కప్పిపుచ్చెననుటయా, లేక ఆ నవ్వులాటయే ఆయనను నిలబెట్టినదనుటయా? నేను ఏదియు నిశ్చయించి చెప్పజాలను. చిత్రముల తేదీలను, చరిత్ర తేదీలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు మాత్రము చేతిలోని కాగితము బరువెక్కును.

యుద్ధము ముగియు ఘడియలలో, 1945 ఆగస్టులో, 'క్రిస్మస్ ఇన్ కనెక్టికట్' విడుదలయ్యెను. కార్ల్ తరువాత సకాల్ పాత్రలలో మేటి ఇందలి ఫీలిక్స్. కథానాయిక స్టాన్విక్ ఒక పత్రికలో వంటలను గూర్చి, తన పల్లెయింటిని, భర్తను, పసిబిడ్డను గూర్చి కమ్మగా వ్రాయుచుండును. నిజమునకు ఆమెకు పల్లెయిల్లు లేదు, భర్త లేడు, బిడ్డ లేదు, గ్రుడ్డు ఉడికించుట కూడ రాదు. వంటలన్నియు నగరములో హోటలు నడుపు ఫీలిక్స్ చెప్పినవి. ఒకనాడు పత్రికాధిపతి, యుద్ధములో బాధపడిన నావికుడొకడు పండుగకు అతిథులుగా వచ్చెదమనగా, అద్దె ఇల్లు, అద్దె బిడ్డ, ఒక నకిలీ భర్త, వంటకు ఫీలిక్స్! వాద్యము రానివారు విద్వాంసులుగా చలామణి అగు బుడాపెస్టు ప్రహసనము గుర్తు రాకమానదు. ఇంటి పనిమనిషి వండిన ఐరిష్ కూరలో ఫీలిక్స్ దొంగచాటుగా ఎఱ్ఱని మిరపపొడి చల్లి దానిని హంగేరీ కూరగా మార్చివేయును. ఆమెకు కోపము వచ్చును. క్రొత్తగా నేర్చిన అమెరికా నుడికారములను ఎడాపెడా వాడి, వానిలో ఒక అక్షరము తప్పనిసరిగా తప్పును. కథ అంతయు అబద్ధములమీద నడచును, ఒక్క ఫీలిక్స్ వంట మాత్రమే నిజము.

ఆ రోజులలోనే జాక్ వార్నర్ ఆయనకు 'కడిల్స్' అని ముద్దుపేరు పెట్టెను. దగ్గరకు తీసికొని ముద్దాడదగినది అని దాని భావము. పిల్లల బొమ్మలకు చెల్లు పేరు. అంతటితో ఆగక, చిత్రములలో పేర్లు వేయునప్పుడు కూడ ఆ మాటను చేర్చవలెనని పట్టుపట్టెను. అరువదియేండ్లు దాటిన మనిషికి, పదునెనిమిదవ యేట తన గడ్డము చూచి తానే ఒక పేరు పెట్టుకొనినవానికి, అది రుచింపలేదు. జీతమిచ్చు యజమాని మాట కాదనుటకు వీలులేదు. ఆ పేరు ఆయనకు అంటుకొనినది.

తరువాతి పదేండ్లలో ఆయన వేషములను ఒక్కొక్కటిగా చెప్పుట అనవసరము. హెచ్చుభాగము ఎవరికో ఒకరికి వరసైన ముసలి మామ, లేదా బాబాయి. 'ది డాలీ సిస్టర్స్'లో హంగేరీ నుండి వచ్చిన అక్కచెల్లెండ్రకు పినతండ్రి. డోరిస్ డే తొలిసారి తెరమీద కనబడిన 1948 నాటి 'రొమాన్స్ ఆన్ ది హై సీస్'లో కూడ ఈయన ఒక మామయే. ఆమెతో మరి మూడు చిత్రములు చేసెను. 'వండర్ మ్యాన్'లో డానీ కే చేతిలో విసిగిపోవు దుకాణదారుడు. కథలు చాలవరకు నీరసములు. సకాల్ కనబడిన నిమిషములు మాత్రము నీరసములు కావు.

ఒకదానిని మాత్రము ఆగి చూడవలెను. 1949లో పాస్టర్నాక్ మెట్రో సంస్థ పక్షమున 'ఇన్ ది గుడ్ ఓల్డ్ సమ్మర్‌టైమ్' తీసెను. దీనికి మూలము మిక్లోష్ లాస్లో వ్రాసిన హంగేరీ నాటకము. బుడాపెస్టులోని పరిమళద్రవ్యముల దుకాణములో పనిచేయు ఇద్దరు, ఎదురెదురుగా కలహించుకొనుచు, ఒకరికొకరు ఎవరో తెలియక ఉత్తరములలో ప్రేమించుకొందురు. అదే కథను 1940లో లూబిచ్ బుడాపెస్టులోనే జరిగినట్లు తీసియుండెను. ఈసారి దుకాణమును అమెరికాలోని చికాగోకు తరలించి, సంగీతవాద్యముల అంగడిగా మార్చి, జూడీ గార్లండ్‌కు పాటలు పెట్టిరి. ఊరు మారినను యజమాని మాత్రము బుడాపెస్టువాడే దొరికెను! ఈ యజమానికి అమూల్యమైన ఫిడేలు కలదు. దానిమీద ఆయన వాయించునది వినువారికి శిక్ష. గుమాస్తాగా నటించినవాడు మూకీ చిత్రముల మహానటుడు బస్టర్ కీటన్. అతడు కాలుజారి ఫిడేలుమీద పడి దానిని నుగ్గుచేయును, అది యజమాని ఫిడేలేయని అందరి ప్రాణములు పైననే పోవును. మాటతో నవ్వించు ముసలివాడు, మాటలేక నవ్వించు మహానుభావుడు ఒకే చట్రములో కనబడుట ఆ చిత్రమునకు గొప్ప అలంకారము. వాద్యము రాక తంటాలుపడు మనిషి కథను యౌవనములో వ్రాసినవాడు, 66వ యేట ఆ మనిషియే అయ్యెను.

1954లో సకాల్ ఆత్మకథ వెలువడినది. పుస్తకమునకు తాను మెచ్చని 'కడిల్స్' పేరునే పెట్టి, దాని క్రింద ఫ్రాన్సిస్ జోసెఫ్ చక్రవర్తి, హిట్లరు, వార్నరు సోదరుల ఏలుబడిలో తన జీవితమని ఉపశీర్షిక తగిలించెను. ముగ్గురు ప్రభువులను ఒకే వరుసలో నిలబెట్టిన ఈ ఒక్క చమత్కారముతో జాక్ వార్నరుపై ఆయన పగ తీర్చుకొనెనని నేననుకొందును.

ఆ యేడే ఆయన చివరి చిత్రము 'ది స్టూడెంట్ ప్రిన్స్' వచ్చినది. జర్మనీలోని హైడల్‌బర్గు పట్టణములో విద్యార్థులకు బీరు పోయు సత్రపు యజమాని వేషము. నిర్మాత మరల పాస్టర్నాకే. తనను వెళ్ళగొట్టిన దేశమునకు నవ్వుల సత్రము నడుపుటతో ఆయన నటజీవితము ముగిసినది. 1955 ఫిబ్రవరి 12న, 72వ పుట్టినదినము గడచిన పది రోజులకు, గుండె ఆగి హాలీవుడ్‌లో మరణించెను. గ్లెండేల్‌లోని ఫారెస్ట్ లాన్ శ్మశానవాటికలో సమాధి చేసిరి. ఆస్కారు బహుమానము మాట అటుంచి, దాని పోటీకి కూడ ఆయన పేరు ఒక్కసారియు ఎక్కలేదు.

1957లో కేంబ్రిడ్జి పట్టణములోని బ్రాటిల్ అను చిన్న సినిమాహాలు, హార్వర్డు విశ్వవిద్యాలయపు విద్యార్థుల కొరకు 'కాసాబ్లాంకా'ను మరల ఆడించినది. అది మొదలుగా ఏటేట పరీక్షల రోజులలో విద్యార్థులు గుంపులుగా వచ్చి, సంభాషణలన్నియు కంఠస్థము చేసి, తెరతోపాటు బిగ్గరగా అప్పగించు వాడుక ఏర్పడినది. ఆ కుఱ్ఱవాండ్రు ఆంగ్లము మాతృభాషగా గలవారు. వారు నోరారా వల్లించిన మాటలలో, ఏబదియేండ్లు దాటిన పిమ్మట ఆంగ్లములో నటింప మొదలిడిన కార్ల్ మాటలు కూడ ఉండినవి.